కౌంటర్ మూయని నకలు

2019 డిసెంబర్ 16 నుంచి మన దేశంలో నెఫ్ట్‌లో డబ్బు పంపడానికి వేళంటూ లేకుండా పోయింది. ఏడాది తిరిగేసరికి, 2020 డిసెంబర్ 14 నుంచి, పెద్ద మొత్తాలు కదిలే ఆర్‌టీజీఎస్‌కూ రాత్రింబవళ్ల తేడా చెరిగిపోయింది. అంతకు ముందు రెండింటికీ తెరిచే వేళ, మూసే వేళ, సెలవు రోజులు ఉండేవి. రైల్వే రిజర్వేషన్‌కు మాత్రం నడిరేయి పూట ఓ చిన్న విరామం మిగిలింది. ఐఆర్‌సీటీసీలో రాత్రి 11.45 నుంచి 12.20 దాకా నిర్వహణ పనుల కోసం టికెట్లు ఆపేస్తారు. కంప్యూటర్లు ఆఫీసుల్లోకి, బ్యాంకుల్లోకి వచ్చిన తొలినాళ్ల నుంచీ ఇలాంటి విరామాల్లో జరుగుతూ వచ్చిన ముఖ్యమైన పని ఒకటుంది: అప్పటిదాకా పోగుపడిన లెక్కలన్నిటికీ మరో నకలు తీసి వేరే చోట దాచడం. మరి విరామమే లేని చోట ఆ నకలు ఎప్పుడు తీస్తున్నారు? పని నడుస్తుండగానే తీస్తున్నారు. యంత్రాలు వేగం పుంజుకున్నాయి కాబట్టి ఇది సాధ్యమైందని చాలామంది అనుకుంటారు. దీని చరిత్ర చూస్తే నాకు అలా అనిపించదు. నకలు అనేది ఒకానొక క్షణానికి తీసిన నిశ్చల చిత్రంలా ఉండాలన్న పట్టుదలను ఈ వృత్తిలోని వాళ్లు మెల్లగా వదులుకున్నారు. దాని బదులు, జరిగిన మార్పులను జరిగిన వరసలో రాసిపెట్టిన పద్దును నమ్మడం నేర్చుకున్నారు. కౌంటర్ మూయాల్సిన అవసరం తప్పింది అందువల్లే.

కదిలే దాన్ని నకలు తీయడంలో ఇబ్బంది ఏమిటో ముందు స్పష్టం చేసుకోవాలి. గుంటూరు శాఖలోని ఒక ఖాతా నుంచి వరంగల్ శాఖలోని మరో ఖాతాకు పదివేల రూపాయలు బదిలీ అయ్యాయనుకుందాం. నకలు తీసే ప్రోగ్రాం డేటాబేస్‌ను ఒక కొస నుంచి మరో కొసకు చదువుకుంటూ పోతుంది. డేటా పెద్దదైతే అందుకు గంటలు పడుతుంది. వరంగల్ ఖాతాను అది తొమ్మిదింటికి చదివింది. అప్పటికింకా డబ్బు చేరలేదు. తొమ్మిదిన్నరకు బదిలీ జరిగింది. గుంటూరు ఖాతాను పదింటికి చదివింది. అప్పటికే డబ్బు వెళ్లిపోయింది. పూర్తయిన నకలులో ఆ పదివేలు ఎక్కడా లేవు. చదివే వరస తిరగబడితే అవే పదివేలు రెండు చోట్లా కనిపిస్తాయి. అసలు డేటాబేస్‌లో ఈ తప్పు ఏ క్షణంలోనూ లేదు, నకలులోనే పుట్టింది. ఈ తప్పు రాకుండా ఉండాలంటే చదువుతున్నంతసేపూ ఎవరూ ఏమీ మార్చకూడదు. రాత్రిపూట కౌంటర్లు మూసి, అందరినీ బయటికి పంపి, నకలు తీసుకోవడం వెనక ఉన్న తర్కమంతా ఇదే. ఆ తర్కంలో లోపం లేదు. కానీ అది మోపే భారం చిన్నది కాదు. రోజుకు ఒక గంట మూస్తే ఏడాదికి 365 గంటలు. అంటే పదిహేను రోజులకు పైగా సేవ లేనట్టే.

విచిత్రమేమిటంటే, టేపుల కాలంలో ఈ సమస్యే లేదు. 1950లలో లెక్కలు మాగ్నెటిక్ టేపుల మీద ఉండేవి. ఒక టేపు మీద నిన్నటి ఖాతాల పట్టిక, ఇంకో టేపు మీద ఇవాళ్టి లావాదేవీలు. రెండింటినీ కలిపి చదివి మూడో టేపు మీద కొత్త పట్టిక రాసేవారు. పాత టేపు చెరిగిపోయేది కాదు, అలమరలోకి వెళ్లేది. తాత, తండ్రి, కొడుకు అని మూడు తరాల టేపులు దాచుకోవడం అప్పటి ఆనవాయితీ. కొడుకు టేపు పాడైతే తండ్రి టేపు తీసి, ఆనాటి లావాదేవీలను మళ్లీ నడిపిస్తే కొత్త పట్టిక తయారు. అంటే బ్యాకప్ అనే ప్రత్యేకమైన పని అక్కడ లేనే లేదు. రోజువారీ పనిలోంచే అది దానంతటది పుట్టేది. ముఖ్యంగా గమనించాల్సింది, పాత స్థితి, ఆ తర్వాతి మార్పుల వరస ఈ రెండూ ఉంటే కొత్త స్థితిని ఎప్పుడైనా తిరిగి కట్టుకోవచ్చన్న సూత్రం అప్పటికే చేతిలో ఉంది. మనవాళ్లకు ఇది కొత్త కాదు. కోమటి కొట్లో చిట్టా వేరు, ఆవర్జా వేరు. ఏ పూట జరిగిన బేరం ఆ పూట వరసగా చిట్టాలో పడుతుంది. ఎవరి పేరు మీద ఎంత నిలవ ఉందో ఆవర్జా చెబుతుంది. ఆవర్జా చెదలు తిన్నా, పాత నిలవలు తెలిసి చిట్టా చేతిలో ఉంటే మళ్లీ రాసుకోవచ్చు. చిట్టా పోతే ఆ దారి మూసుకుపోతుంది.

డిస్కు ఈ సౌకర్యాన్ని పాడు చేసింది. 1956లో ఐబీఎం తెచ్చిన రామాక్ యంత్రంలో యాభై పళ్లేలు, యాభై లక్షల అక్షరాల చోటు ఉండేవి. టేపులా మొదటి నుంచి తిప్పుకుంటూ పోనక్కర్లేకుండా కావలసిన ఖాతాను నేరుగా తెరిచి, అక్కడికక్కడే దిద్దొచ్చు. దిద్దిన మరుక్షణం పాత విలువ మాయం. 1960ల తొలి సగంలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ కోసం ఐబీఎం కట్టిన సేబర్ రిజర్వేషన్ వ్యవస్థ, అపోలో చంద్రయాన కార్యక్రమం కోసం నార్త్ అమెరికన్ రాక్‌వెల్, క్యాటర్‌పిలర్ ఇంజనీర్లతో కలిసి ఐబీఎం తయారు చేసిన ఐఎంఎస్ డేటాబేస్ వ్యవస్థ ఈ కొత్త పద్ధతికి పెద్ద ఉదాహరణలు. సేబర్‌కు న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రియార్‌క్లిఫ్ మానర్‌లో రెండు 7090 కంప్యూటర్లు పెట్టారు; ఒకటి పడిపోతే రెండోది అందుకోవాలని. యంత్రం ఆగకుండా చూసే ఏర్పాటు అది. లెక్క చెడితే ఏం చేయాలన్నది వేరే ప్రశ్న. ఐఎంఎస్ 1968 ఆగస్టు 14న కాలిఫోర్నియాలోని డౌనీలో తొలిసారి సిద్ధమని టెర్మినల్ మీద చూపించింది. దానిలో ప్రతి మార్పూ ఒక లాగ్‌లోకి వెళ్లేది. డేటాబేస్‌కు అప్పుడప్పుడు ఇమేజ్ కాపీ తీసేవారు. ఏదైనా పాడైతే పాత కాపీ తెచ్చి, ఆ తర్వాతి లాగ్‌ను దాని మీద నడిపించేవారు. డిస్కు చెరిపేసిన చిట్టాను ఇలా మళ్లీ చేతికి తెచ్చుకున్నారన్నమాట. అయినా మొదట్లో ఆ ఇమేజ్ కాపీ తీసేటప్పుడు డేటాబేస్‌ను పక్కకు తప్పించేవారు. లాగ్ ఉంది గానీ, దాని మీద నమ్మకం ఇంకా పూర్తిగా కుదరలేదు.

ఆ నమ్మకం ఎలా కుదిరిందో చెప్పడానికి ఐబీఎం శాన్ హోసే పరిశోధనాలయంలో 1970ల మధ్యలో నడిచిన సిస్టమ్ ఆర్ ప్రాజెక్టు కంటే మంచి సాక్ష్యం లేదు. ఇవాళ మనం వాడే ఎస్‌క్యూఎల్ పుట్టింది అక్కడే. ఆ బృందం మొదట నమ్ముకున్నది చిత్రాన్ని. రేమండ్ లోరీ రూపొందించిన నీడ పేజీల పద్ధతిలో, మార్చిన ప్రతి పేజీనీ (డిస్కు మీద ఒక్కసారిగా చదివే, రాసే డేటా ముక్కను) కొత్త చోట రాసి, పాత పేజీని నీడలా అలాగే ఉంచేవారు. ఏదైనా కూలితే పాత నీడలన్నీ కలిపి ఒక శుభ్రమైన, నిశ్చలమైన స్థితి దొరుకుతుంది. కాగితం మీద చాలా అందమైన ఆలోచన. ఆచరణలో, ఆ శుభ్రమైన స్థితి నెలకొల్పడానికి మధ్యమధ్యలో పనులన్నీ ఒక్క క్షణం నిలవాలి. పేజీలు డిస్కు నిండా చెల్లాచెదురై చదవడం నెమ్మదిస్తుంది. ఇంతా చేసి, లావాదేవీలను విడివిడిగా వెనక్కి తీసుకోవాలంటే లాగ్ ఎలాగూ రాయాల్సిందే. 1981లో ఆ బృందంలోని జిమ్ గ్రే, అతని సహచరులు ప్రచురించిన సమీక్షలో, మళ్లీ కడితే నీడ పేజీల జోలికి పోకుండా లాగ్‌నే ఆధారం చేసుకుంటామని నిజాయితీగా రాశారు. సొంత సృష్టిని అలా పక్కన పెట్టగలగడం పెద్ద మనసు. అదే ఏడాది ఇంకో వ్యాసంలో గ్రే పాత గుమాస్తాల నియమాన్ని గుర్తు చేశాడు: ఖాతా పుస్తకంలో రాసినదాన్ని చెరపరు, తప్పయితే సరిదిద్దే పద్దు కొత్తగా రాస్తారు. ఉన్నచోటే దిద్దడం మంచిదేనా అన్న సందేహాన్ని డిస్కుల కాలంలో అంత గట్టిగా లేవనెత్తినవాళ్లు తక్కువ.

అంతకు మూడేళ్ల ముందే, 1978 నాటి తన నోట్సులో, గ్రే మసక నకలు గురించి వివరించాడు. పని నడుస్తుండగానే డేటాబేస్‌ను చదువుకుంటూ పో. నకలులో కొన్ని చోట్ల పాతవి, కొన్ని చోట్ల కొత్తవి పడినా లెక్క చేయకు. నకలు మొదలైన చోటు నుంచి ముగిసిన చోటు దాకా లాగ్ ఉంటే దాన్ని తర్వాత సరిచేయవచ్చు. ఈ ఆలోచనకు పూర్తి శాస్త్రరూపం ఇచ్చినది 1992లో వచ్చిన ఏరీస్. ఐఐటీ మద్రాసులో చదివి ఐబీఎంలో చేరిన సి. మోహన్, డాన్ హాడర్లె, బ్రూస్ లిండ్సే, హమీద్ పిరాహేష్, పీటర్ ష్వార్జ్‌లతో కలిసి రాసిన వ్యాసం అది. అందులోని కీలకం చాలా సాదాగా ఉంటుంది. లాగ్‌లో ప్రతి పద్దుకూ పెరుగుతూ పోయే ఒక సంఖ్య ఉంటుంది. ఏ పేజీని మార్చినా, చివరగా ఏ పద్దు వల్ల మారిందో ఆ సంఖ్యను పేజీ నుదుటనే రాస్తారు. డిస్కు మీద పేజీ మారకముందే లాగ్ పద్దు భద్రంగా చేరాలన్నది తప్పరాని నియమం. ఇక మసక నకలును తిరిగి నిలబెట్టేటప్పుడు లాగ్‌ను వరసగా చదువుతూ, పేజీ మీది సంఖ్య పద్దు సంఖ్య కంటే చిన్నదైతే ఆ మార్పును మళ్లీ చేస్తారు; కాకపోతే ఆ పేజీ అప్పటికే ఆ మార్పు చూసిందని వదిలేస్తారు. గుంటూరు ఖాతా పేజీకి బదిలీ తెలుసు, వరంగల్ పేజీకి తెలియదు. లాగ్ వరంగల్ పేజీని మాత్రమే ముట్టుకుంటుంది. పోయిన పదివేలు తిరిగొస్తాయి. నకలు తీసేవాడు ఏ పేజీని ఎప్పుడు చదివాడన్నది ఇక పట్టించుకోనక్కర్లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఇవాళ చాలా చోట్ల బ్యాకప్ అంటే స్టోరేజ్ పెట్టె ఇచ్చే స్నాప్‌షాట్. క్షణంలో మొత్తం డిస్కు స్థితిని పట్టేస్తుంది. మరి యంత్రాల వేగమే సమస్యను తీర్చలేదా, లాగ్ గొప్పతనం ఏముంది అని అడగవచ్చు. స్నాప్‌షాట్ ఉపయోగాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ అది పట్టుకునేది డిస్కు మీద ఉన్నదాన్ని మాత్రమే. డేటాబేస్ మార్పుల్లో కొంత భాగం ఆ క్షణానికి మెమరీలో ఉంటుంది, కొన్ని లావాదేవీలు సగంలో ఉంటాయి. స్నాప్‌షాట్ నుంచి డేటాబేస్‌ను లేపడమంటే కరెంటు పోయి వచ్చాక లేపడమే. మొదట లాగ్ చదివి, జరిగినవి మళ్లీ చేసి, సగంలో ఆగినవాటిని వెనక్కి తీసుకుంటేనే అది నిలబడుతుంది. అంటే స్నాప్‌షాట్‌ను బ్యాకప్‌గా పనికొచ్చేలా చేస్తున్నది కూడా లాగే. డేటా ఒక డిస్కు మీద, లాగ్ మరో డిస్కు మీద ఉండి, రెండింటి స్నాప్‌షాట్‌లు వేర్వేరు క్షణాల్లో తీస్తే అవి ఒకదానికొకటి పొసగవని అనుభవమున్న నిర్వాహకులకు బాగా తెలుసు. వేగం వల్ల సమస్య పరిమాణం తగ్గింది తప్ప దాని స్వభావం మారలేదు.

సిద్ధాంతం ఒక ఎత్తు, రోజువారీ వాడకం ఒక ఎత్తు. 1988లో వచ్చిన ఒరాకిల్ డేటాబేస్ ఆరో వెర్షన్‌తో హాట్ బ్యాకప్ (సేవ ఆపకుండా తీసే నకలు) అనే మాట డేటాబేస్ నిర్వాహకుల నోట నానడం మొదలైంది. అందులో ఒక చిక్కు ఉండేది. ఒరాకిల్ బ్లాకు, అంటే పేజీ, ఎనిమిది కిలోబైట్లు అనుకుంటే, నకలు తీసే ఆపరేటింగ్ సిస్టమ్ కమాండు దాన్ని చిన్న ముక్కలుగా చదువుతుంది. అదే సమయంలో ఒరాకిల్ ఆ బ్లాకును రాస్తుంటే నకలులో పై సగం పాతది, కింది సగం కొత్తది పడుతుంది. అలా చీలిన బ్లాకు మీద ఏరీస్ సంఖ్యల లెక్క పనిచేయదు, ఎందుకంటే నుదుటి మీది సంఖ్య బ్లాకు మొత్తం గురించి నిజం చెప్పడం లేదు. అందుకని బ్యాకప్ మొదలని చెప్పినప్పటి నుంచీ, ఏ బ్లాకు మొదటిసారి మారినా, మార్పుతో పాటు బ్లాకు మొత్తాన్నీ లాగ్‌లో రాసేలా ఏర్పాటు చేశారు. లాగ్ ఉబ్బేది, అయినా సేవ ఆగేది కాదు. బ్యాకప్ ముగిసిందని చెప్పడం మరచిపోయి, ఈలోగా సర్వర్ కూలితే మళ్లీ తెరిచేటప్పుడు అదనపు రికవరీ చేయాల్సి వచ్చేది. 1997లో ఎనిమిదో వెర్షన్‌తో వచ్చిన ఆర్‌మ్యాన్ ఈ తంటాను తీర్చింది. అది ఒరాకిల్ సొంత పనిముట్టు కాబట్టి బ్లాకు తలా తోకా సరిపోల్చుకుని, చీలినట్టు కనిపిస్తే మళ్లీ చదువుతుంది. పోస్ట్‌గ్రెస్ 2001లో 7.1 వెర్షన్‌తో లాగ్‌ను తెచ్చుకుని, 2005 జనవరిలో విడుదలైన 8.0తో ఆ లాగ్ ఆధారంగా కోరిన క్షణానికి తిరిగి వెళ్లే వీలు కల్పించింది. బ్లాకు మొత్తాన్ని లాగ్‌లో రాసే ఉపాయం దానిలోనూ ఉంది. ఈ వివరాలన్నీ ఒకే వైపు చూపిస్తాయి. నకలు చెడితే ప్రతిసారీ మరమ్మతు జరిగింది లాగ్ వైపు నుంచే.

ఇంతవరకూ ఒకే యంత్రం, ఒకే లాగ్. అనేక యంత్రాలు కలిసి ఒకటిగా పనిచేసే క్లస్టర్ వచ్చేసరికి కథ మలుపు తిరుగుతుంది. 1974లో స్థాపించిన టాండెం కంపెనీ నాన్‌స్టాప్ యంత్రాలు 1976లో మొదట సిటీబ్యాంకుకు చేరాయి. 1983లో డిజిటల్ కంపెనీ వ్యాక్స్‌క్లస్టర్ తెచ్చింది. మన రైల్వే రిజర్వేషన్ కూడా ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాల్లో చాలాకాలం ఆ కంపెనీ వీఎంఎస్ యంత్రాల మీదే నడిచింది. యంత్రాలు అనేకమైనప్పుడు ప్రశ్న మారిపోతుంది. ఒక యంత్రంలో ఏది ముందు, ఏది తర్వాత అన్నదానికి లాగ్ వరసే తిరుగులేని జవాబు. పది యంత్రాల్లో పది చిట్టాలు ఉంటాయి. పది గడియారాలు ఎప్పుడూ కచ్చితంగా ఒకే సమయం చూపవు. ఒక యంత్రం నుంచి బయల్దేరిన సందేశం ఇంకా దారిలోనే ఉంటుంది. అందరినీ ఒకేసారి ఇప్పుడే అని పిలవడానికి అందరికీ ఉమ్మడి అయిన ‘ఇప్పుడు’ అంటూ ఒకటి లేదు.

ఈ ప్రశ్నకు 1985లో జవాబు ఇచ్చినవాళ్లు మణి చాండీ, లెస్లీ లాంపోర్ట్. మోహన్ లాగే చాండీ కూడా ఐఐటీ మద్రాసు పట్టభద్రుడే. అప్పుడు ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్నాడు. భోజనాల దగ్గర చాండీ ఈ సమస్యను లాంపోర్ట్ ముందు పెట్టాడని, మర్నాటి ఉదయానికి ఇద్దరూ విడివిడిగా ఒకే పరిష్కారానికి వచ్చారని లాంపోర్ట్ తర్వాత రాశాడు. పరిష్కారం ఇది: ఒక యంత్రం తన స్థితిని రాసుకుని, తన నుంచి వెళ్లే ప్రతి దారిలోనూ ఒక గుర్తును పంపుతుంది. ఆ గుర్తు మొదటిసారి అందిన యంత్రం తన స్థితిని రాసుకుని, తానూ అన్ని దారుల్లో గుర్తు పంపుతుంది. తన స్థితి రాసుకున్నాక, ఒక దారిలో గుర్తు వచ్చేలోపు ఆ దారిలో వచ్చిన సందేశాలన్నీ దారిలో ఉన్నవాటి కింద జమ. ఎవరూ ఆగలేదు, గడియారం అక్కర్లేదు. వాళ్లు నిరూపించిన విషయంలో నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచే అంశం ఒకటుంది. ఇలా దొరికిన మొత్తం స్థితి ఏ క్షణంలోనూ నిజంగా ఉండి ఉండకపోవచ్చు! అయినా అది తప్పు స్థితి కాదు. మొదలుపెట్టిన స్థితి నుంచి దానికి చేరుకోవచ్చు, దాని నుంచి ముగింపు స్థితికీ చేరుకోవచ్చు. ముందువెనకల సంబంధం ఎక్కడా తెగలేదు. వచ్చిన ప్రతి సందేశానికీ పంపినవాడు ఉన్నాడు. నిశ్చల చిత్రం మీది పట్టుదల పూర్తిగా సడలింది ఇక్కడే అనుకుంటాను. నకలు ఒక క్షణానిది కానక్కర్లేదు, ఒక పొందికైన గీతకు ఇవతలిది అయితే చాలు.

ఆ గీతను డేటాబేస్‌లో ఎలా గీస్తారో చూడాలంటే నా దృష్టిలో ఎన్‌డీబీ క్లస్టర్ మంచి ఉదాహరణ. స్వీడన్‌లోని ఎరిక్సన్‌లో టెలిఫోన్ వ్యవస్థల కోసం మీకాయెల్ రోన్‌స్ట్రోమ్ దీన్ని రూపొందించాడు. ఆ పరిశోధనకే 1998లో లింషోపింగ్ విశ్వవిద్యాలయం అతనికి డాక్టరేట్ ఇచ్చింది. 2003లో ఈ సాంకేతికత మైఎస్‌క్యూఎల్ చేతికి వచ్చి, 2004లో మైఎస్‌క్యూఎల్ క్లస్టర్ అన్న పేరుతో విడుదలైంది. మొబైల్ చందాదారు ఎక్కడున్నాడో, ఏ సేవలకు డబ్బు కట్టాడో చూసే డేటాబేస్ ఆగితే ఫోన్లు మోగవు. టెలికాం వాళ్లు కోరేది 99.999 శాతం లభ్యత. ఏడాదికి కేవలం ఐదుంపావు నిమిషాల విరామం. అలాంటి చోట రాత్రి గంట మూద్దాం అన్న మాటే ఎత్తలేరు. ఎన్‌డీబీలో డేటా క్లస్టర్‌లోని అనేక యంత్రాల, అంటే నోడ్ల, మెమరీలో ముక్కలై ఉంటుంది. మామూలుగా ప్రతి రెండు సెకన్లకోసారి నోడ్లన్నీ కలిసి ఒక ఉమ్మడి గీత గీస్తాయి. ఏ లావాదేవీ ఆ గీతకు ఇవతలిదో, ఏది అవతలిదో అందరూ ఒకే మాట మీద ఉంటారు. బ్యాకప్ అంతా ఈ గీత మీదే ఆధారపడుతుంది. నిర్వాహకుడు మేనేజ్‌మెంట్ తెర మీద స్టార్ట్ బ్యాకప్ అంటాడు. ఒక గీత దగ్గర నుంచి జరిగే ప్రతి మార్పూ విడిగా లాగ్ ఫైలులోకి పడటం మొదలవుతుంది. ఆ తర్వాత ప్రతి నోడూ తన దగ్గరి డేటాను నిదానంగా చదివి తన సొంత డిస్కు మీదే డేటా ఫైలులో రాసుకుంటుంది. పట్టికల నిర్మాణం కంట్రోల్ ఫైలులోకి వెళ్తుంది. చదవడం అందరికీ ముగిశాక మరో గీత దాకా ఆగి లాగ్ మూసేస్తారు. ప్రతి నోడ్ దగ్గరా మూడు రకాల ఫైళ్లు మిగులుతాయి. తిరిగి నిలబెట్టేటప్పుడు మొదట మసక డేటా ఎక్కిస్తారు, దాని మీద లాగ్ నడిపిస్తారు. అంతా చివరి గీత దగ్గర పొందికగా వచ్చి నిలుస్తుంది. తర్వాతి వెర్షన్లలో, బ్యాకప్ మొదలైనప్పటి స్థితి కావాలంటే లాగ్‌ను వెనక్కి నడిపించే వీలు కూడా కల్పించారు. ఒకే తీరు మసక నకలు, లాగ్ నడిచే దిశను బట్టి మొదటికీ చేరుతుంది, చివరికీ చేరుతుంది. ఏది అసలు రికార్డో చెప్పడానికి ఇంతకంటే తేటైన సాక్ష్యం నాకు దొరకలేదు.

ఒరాకిల్ క్లస్టర్ దారి వేరు. 2001లో రాక్ అన్న పేరుతో వచ్చిన దానిలో డేటా డిస్కులు అందరికీ ఉమ్మడి, లాగ్ మాత్రం ఎవరిది వాళ్లదే. డేటాబేస్ మొత్తానికీ ఒకే వరసలో పెరిగే సంఖ్య ఈ లాగ్‌లను ఒక దారంలో గుచ్చుతుంది. రికవరీకి అన్ని నోడ్ల లాగ్‌లూ కావాలి. ఒక్క నోడ్ లాగ్‌లో ఒక్క ఫైలు పోయినా కథ అక్కడే ఆగిపోతుంది, మిగిలిన నోడ్ల లాగ్‌లు ఎంత భద్రంగా ఉన్నా సరే.

క్లస్టర్‌లో ఒకే డేటా రెండు మూడు నోడ్ల దగ్గర ఉన్నప్పుడు విడిగా బ్యాకప్ ఎందుకన్నది తరచూ వినిపించే మరో అభ్యంతరం. నిజమే, నోడ్ కాలిపోయినప్పుడు ఆ ప్రతులు ఆదుకుంటాయి. కానీ వ్యవస్థలు ఆగేది యంత్రాలు కాలిపోవడం వల్ల కంటే ఎక్కువగా మనుషుల చేతుల మీదుగానే. టాండెం యంత్రాల వైఫల్యాల నివేదికలను జిమ్ గ్రే 1985లో పరిశీలిస్తే, నిర్వహణ పనుల్లో దొర్లినవి 42 శాతం, సాఫ్ట్‌వేర్ వల్ల వచ్చినవి 25 శాతం, హార్డ్‌వేర్ వాటా 18 శాతం అని తేలింది. తప్పు కమాండును క్లస్టర్ అన్ని ప్రతుల్లోనూ అంతే నమ్మకంగా, అంతే వేగంగా అమలు చేస్తుంది. 2017 జనవరి 31 రాత్రి, ప్రోగ్రాం కోడ్‌ను భద్రపరిచే సేవ అందించే గిట్‌ల్యాబ్‌లో ఏం జరిగిందో ఆ సంస్థే వివరంగా బయటపెట్టింది. వెనకబడిన ప్రతిని శుభ్రం చేయబోయి అసలు డేటాబేస్ ఫోల్డర్‌నే చెరిపేశారు. బ్యాకప్ కోసం పెట్టుకున్న అనేక ఏర్పాట్లలో పనికొచ్చే స్థితిలో ఉన్నవి దాదాపు లేవు. డేటాబేస్ నకలు (డంప్) తీసే ప్రోగ్రాం వెర్షన్ తేడా వల్ల కొంతకాలంగా విఫలమవుతూనే ఉంది, ఆ సంగతి ఎవరికీ చేరలేదు. చివరికి ఆరు గంటల పాత స్నాప్‌షాట్ ఒకటి అక్కరకొచ్చింది. మధ్యలోని ఆరు గంటల డేటా పోయింది. ఎన్ని అద్దాలు పెట్టినా ప్రతిబింబం ఇప్పటి ముఖమే చూపిస్తుంది కాబట్టి, నిన్నటి స్థితి కావాలంటే బ్యాకప్ తప్పదు.

పాత పద్ధతే భద్రం కదా అనేవాళ్లూ ఉన్నారు. నేను తోసిపుచ్చలేని అభ్యంతరం ఇదే. ఆపి తీసిన నకలు తనంతట తానే పూర్తి. తెరిస్తే చాలు, పని చేస్తుంది. ఆగకుండా తీసిన నకలు లాగ్ లేకుండా దేనికీ కొరగాదు. మూసే వేళ ఉన్నచోట, ఒక జూనియర్ కాలేజీలోనో, సాయంత్రానికి తలుపులు వేసే సహకార సంఘంలోనో, డేటాబేస్ ఆపి నకలు తీసుకోవడంలో చిన్నతనమేమీ లేదు. అక్కడ అదే సరైన పని. కానీ రాత్రి రెండింటికి ఆసుపత్రి నుంచి డబ్బు పంపాల్సిన మనిషికి, ఫోన్ మోగాల్సిన మనిషికి మూసే వేళ ఉండకూడదని సమాజం తీర్మానించుకుంది. ఆ తీర్మానం న్యాయమైనదే. దాని ఖరీదు ఎక్కడికి జరిగిందన్నది మాత్రం తెలిసి ఉండాలి. పాత పద్ధతిలో శ్రమంతా నకలు తీసేటప్పుడు ఉండేది. కొత్త పద్ధతిలో తీయడం సులువు, తిరిగి నిలబెట్టడం కష్టం. అన్ని నోడ్ల ఫైళ్లూ చేరాలి, లాగ్‌లో ఎక్కడా తెంపు ఉండకూడదు, గంటల తరబడి మార్పులు మళ్లీ నడవాలి. బ్యాకప్ సక్రమంగా ముగిసిందని రోజూ వచ్చే సందేశం ఈ కష్టం గురించి ఏమీ చెప్పదు. మీ చేతి కింద ఆగకుండా నడిచే డేటాబేస్ ఏదైనా ఉంటే, దాని బ్యాకప్‌ను వేరే ఖాళీ యంత్రాల మీద ఈ నెలలోనే ఒకసారి పూర్తిగా నిలబెట్టి చూడండి. ఎన్ని గంటలు పట్టిందో, ఏ లాగ్ దగ్గర చిక్కు వచ్చిందో కాగితం మీద రాసి పై అధికారికి ఇవ్వండి. ఆ పనికి సమయం, యంత్రాలు కేటాయించాల్సిన బాధ్యత సంస్థది.